ఒంటి సాక్ష్యం

పిల్లల్ని తూచే త్రాసు మీద వంటమనిషిని ఎక్కించాలన్న ఆలోచన మొదట ఎవరి బుర్రలో పుట్టిందో తర్వాత ఒక్కరూ ఒప్పుకోలేదు. ఒక పిల్లాడి తల్లి ఆయ్‌పెరి అన్నదని కొందరు, ఎవరో నవ్వులాటకి అంటే డైరెక్టరమ్మ పట్టుకుందని కొందరు. మంచి జరిగితే నేనంటే నేనని ముందుకొచ్చే జనం, ఇలాంటి వాటి దగ్గరకొచ్చేసరికి గోడకేసి చూస్తారు.

ఆ సోమవారం పొద్దున, కొండల మధ్య నారిన్ ఊళ్ళోని ఆ బాలవాడి పాటల గదిలో తల్లులూ ఇద్దరు ముగ్గురు తండ్రులూ పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నారు. వంటమనిషి బురుల్‌ని వంటగదిలోంచి పిలిపించారు. చేతులు తుడుచుకుంటూ వచ్చి పియానో పక్కన నిలబడింది. పొయ్యి మీద పాలల్లో రవ్వ ఉడుకుతోంది. వంటలో సాయం చేసే బాత్మాకి కలపమని చెప్పింది గానీ బాత్మా బంగాళాదుంపల చెక్కు తీయడంలో ఎంత దిట్టో పాలు మాడ్చడంలోనూ అంత దిట్ట. బురుల్ మనసంతా ఆ గిన్నె మీదే ఉంది.

ఆయ్‌పెరి లేచింది. బజార్లో బట్టల కొట్టు నడుపుతుంది, గొంతు కూడా బజారు గొంతే. అయిదేళ్ళ కొడుకు నురేల్‌ని ముందుకు లాగి, చొక్కా గడ్డం దాకా ఎత్తింది.

"ఇవిగో వీడి పక్కటెముకలు. ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. పొద్దుట్నించి సాయంత్రం దాకా ఇక్కడే తింటాడు. అంటే ఇక్కడ తిండి లేదనేగా? ఇక ఈవిడ్ని చూడండి. పోయిన ఆకురాలు కాలంలో పుల్లలా ఉండేది. చలికాలం గడిచేసరికి ఈ ఒళ్ళెక్కణ్ణించి వచ్చింది? గాలి తింటే వచ్చిందా?"

"గాలి తింటే కడుపుబ్బరం వస్తుంది గానీ నడుం రాదు," అన్నాడు వెనకనుంచి ఒక తండ్రి. అందరూ నవ్వారు. నురేల్ కూడా నవ్వాడు, పాపం వాడికేం తెలుసు.

బురుల్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మెడ వెనకనుంచి వేడి పాకింది. "బీపీ మాత్రలు వేసుకుంటున్నానమ్మా," అంది. "చలికాలంలో డాక్టరు రాశాడు. అవి మొదలెట్టాకే ఒళ్ళు ఉబ్బుతోంది. మందుల షాపమ్మాయి కూడా చెప్పింది, కొందరికి అలా అవుతుందంట."

"మా అత్తగారు పదేళ్ళబట్టి మింగుతోంది బీపీ మాత్రలు," అంది ఆయ్‌పెరి. "ఎండు ఆప్రికాట్‌లా ఉంది."

మళ్ళీ నవ్వులు. డైరెక్టరు గుల్‌బార్చిన్ నవ్వలేదు. ఆవిడ సన్నగా, చక్కగా, ఇస్త్రీ చెదరకుండా కిటికీ దగ్గర నిలబడి ఉంది. వయసులో బురుల్ కంటే చాలా చిన్నది. నర్సు వైపు తిరిగి, "మాయ్‌రమ్, నువ్వు చెప్పు. నీకు తెలుస్తుందిగా," అంది.

మాయ్‌రమ్‌కి తెలుసు. నెల క్రితం వంటగదిలో స్టూలు మీద కూర్చుని, బురుల్ కాలి ముందెముక మీద బొటనవేలితో నొక్కి, పడ్డ గుంటని చూసి "నీరొచ్చిందక్కా, ఓసారి డాక్టరుకి చూపించుకో" అన్నది తనే. ఆ రోజు బురుల్ నూనెలో వేయించి పెట్టిన వేడి పిండి బోర్సోకులు తిని, నాలుగు జేబులో వేసుకెళ్ళింది కూడా తనే. ఇప్పుడు మాత్రం డైరెక్టరమ్మ బూట్ల వైపు చూస్తూ నసిగింది. "మందుని బట్టి ఉంటుందండీ. కొందరికి ఒళ్ళొస్తుందంటారు. అందరికీ రాదు."

ఆ మాటలో మొదటి సగం గాల్లో కలిసిపోయింది. రెండో సగమే అందరి చెవుల్లో పడింది.

గుల్‌బార్చిన్ గొంతులో తేనె ఒలికిస్తూ అంది: "గొడవెందుకమ్మా. మన బురుల్ అక్క ఎన్నేళ్ళనుంచి వండుతోంది! మీలో సగంమంది ఆవిడ చేతి సూపు తాగి పెరిగినవాళ్ళే. అక్కా, మీరేం అనుకోకండి. రొట్టె పట్టుకుని ఒక్క మాట అనెయ్యండి, అందరికీ మనసు కుదుటపడుతుంది."

బాత్మా వంటగదిలోంచి రొట్టె తెచ్చింది. పొద్దున్నే తందూరులోంచి తీసిన గుండ్రటి రొట్టె, ఇంకా వెచ్చగా ఉంది.  అక్కడి జనం తల్లి మీద అబద్ధపు ఒట్టు పెట్టొచ్చు, పిల్లల మీద పెట్టొచ్చు, రొట్టె మీద పెట్టరు. దారిలో రొట్టె ముక్క కనిపిస్తే తీసి నుదుటికి తాకించి గోడ మీద పెట్టనిదే తాగుబోతు కూడా ముందుకి నడవడు. ఇంట్లో రొట్టెని బోర్లా పెడితే పిల్లల వీపు మోగుతుంది. బురుల్ ఆ నమ్మకంలోనే పుట్టి, అందులోనే వంట నేర్చుకుంది.

రొట్టెని రెండు చేతులా పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. "ఈ పిల్లల నోటి దగ్గరది ఒక్క ముక్క నేను తీసినా, నన్ను రొట్టె కొట్టాలి," అంది.

అక్కడితో అయిపోవాలి. బురుల్ వంటగది వైపు తిరిగింది కూడా. ఇంతలో ఆయ్‌పెరి, "ఒట్టు ఒట్టే, తూకం తూకమే," అంది. ఎవరో మూలనున్న త్రాసుని కాలితో ముందుకి తోశారు.

దాని మీద ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. నెలకోసారి పిల్లలు చెప్పులు విప్పి దాని మీద నిలబడి, ఎలుగుబంటి పొట్ట మీద ముల్లు ఎక్కడ ఆగుతుందా అని వంగి చూస్తారు. బురుల్ కూడా చెప్పులు విప్పింది. ఎందుకు విప్పిందో తనకే తెలీదు, విప్పమని ఎవరూ అనలేదు. మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లుంది. మాయ్‌రమ్ వంగి చూసి లోగొంతుకతో ఏదో అంది.

"గట్టిగా!" అంది ఆయ్‌పెరి.

"ఎనభై మూడు."

తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డ పిల్లలు "ఎనభై మూడు! ఎనభై మూడు!" అని పాటలా అందుకున్నారు. వాళ్ళకి అప్పుడప్పుడే లెక్కలు వస్తున్నాయి మరి.

"వచ్చే సోమవారం మళ్ళీ చూద్దాం," అంది గుల్‌బార్చిన్. "ఈలోగా తల్లుల్లో ఒకరు వంటగదిలో కూర్చుంటారు. ఇదంతా అక్క మంచికే. ఆవిడ మీద మచ్చ లేకపోతే నాకంటే సంతోషించేవాళ్ళు లేరు. ఉంటే మాత్రం, పిల్లల సంగతి కాబట్టి, ఇంటికి పంపక తప్పదు."

బురుల్ చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటుంటే వంటగదిలోంచి మాడిన పాల వాసన వచ్చింది.

*

ఇంట్లో ఒమోర్ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, గుర్రం జీను తోలు కుడుతున్నాడు. వాళ్ళకి గుర్రం లేదు. ఎవరిదో బాగుచేసి ఇస్తే ఏదో వస్తుంది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాడికి మోకాలు పోయాక చేతులూరుకోవు. భార్య చెప్పింది విని సూదిని తోలులో గుచ్చి అలాగే వదిలేశాడు.

"త్రాసెక్కించారా? గొర్రెనెక్కించినట్టు?"

"గొర్రెనయితే అమ్ముకోడానికి తూస్తారు. నన్నెందుకు తూచారో మరి."

"నువ్వెందుకెక్కావే?"

 బురుల్ పొయ్యి మీద టీ కోసం నీళ్ళు పెట్టింది. ఎక్కనంటే తిన్నదనేవాళ్ళు. ఎక్కితే కూడా తిన్నదనే అంటున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఒమోర్ వాతావరణం తేలిక చేద్దామని చూశాడు. "నా మటుకు నాకు బాగానే ఉందే నీ ఒళ్ళు. చలికాలమంతా గోడ పక్కన కాకుండా పొయ్యి పక్కన పడుకున్నట్టుంది."

"ఏమయ్యా, నీకు సిగ్గులేదా? నేను ఏడుస్తుంటే!"

"ఏడవట్లేదు నువ్వు. ఏడిస్తే నాకు ధైర్యంగా ఉండేది."

నిజమే, ఆమె ఏడవలేదు. టీ గిన్నెల్లో పోసింది, మొగుడి ముందు రొట్టె తుంచింది. తను ముట్టలేదు. భోజనమయ్యాక ఒమోర్ రోజూలాగే గూట్లోంచి మాత్రల అట్ట తీసి, ఒకటి నొక్కి, టీ గిన్నె పక్కన పెట్టాడు. చలికాలంనుంచీ ఆ పని ఆయనదే. ఆయన తల్లి బీపీతోనే పోయింది, బావి దగ్గర బకెట్టుతో సహా కూలిపోయింది. అందుకే ఈ ఒక్క విషయంలో ఆయన వేళాకోళం చెయ్యడు.

బురుల్ ఆ తెల్లటి బిళ్ళ వంక చూసింది. తన పరువంతా దాని కింద నలిగిపోతోంది. అప్పుడు తట్టింది. మాత్ర మానేస్తే ఒళ్ళు తగ్గుతుంది. తగ్గితే, మాత్ర వల్లే వచ్చిందని తేలిపోతుంది. వచ్చే సోమవారం ఆ ఎలుగుబంటి పొట్ట మీద ముల్లు కాస్త వెనక్కి జరిగితే చాలు, ఆయ్‌పెరి నోటికి తాళం పడుతుంది. ఇంత సులువైన సంగతి పొద్దున ఎందుకు తట్టలేదా అనుకుంది. వారం రోజులకి ఏం కాదు. మాత్రలు లేకుండా యాభై ఏళ్ళు బతికింది.

మాత్రని అరచేతిలోకి తీసుకుని, నోటి దాకా తీసుకెళ్ళి, టీ గుటకేసింది. చెయ్యి జేబులోకి పోయింది.

"వేసుకున్నావా?"

"నీ ముందేగా," అంది. పెళ్ళయినప్పటినుంచీ ఆ మనిషితో పెద్ద అబద్ధం ఆడటం అదే మొదలు. పొయ్యిలో పిడక సర్దే వంకన మాత్రని నిప్పులో వేసింది.

*

మర్నాటినుంచి వంటగది కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ఆయ్‌పెరి కూర్చుంది. వంతులవారీగా తల్లులందరూ కూర్చోవాలన్నారు గానీ మిగతావాళ్ళకి పనులున్నాయి. ఆయ్‌పెరి కొట్టుని చెల్లెలికి అప్పజెప్పి మరీ వచ్చింది. ఊలు బంతి తెచ్చుకుని కొడుకు కోసం మేజోళ్ళు అల్లుతూ, అల్లిక మీంచి చూపు ఎత్తకుండానే అన్నీ చూసేది.

బురుల్‌కి ఒక అలవాటు ఉంది. సూపులో మాంసం మరుగుతున్నప్పుడు నురగని చెక్క గరిటెతో అంచుకి తోసి తీసేస్తుంది. తర్వాత ఉప్పు వేస్తుంది, ఎడమ అరచేతిలో ఒక బొట్టు వేసుకుని నాలుకతో తాకి చూస్తుంది. ఆ రోజు బొట్టు వేసుకునేసరికి కిటికీ దగ్గర సూదులు ఆగాయి. బురుల్ చెయ్యి దించేసింది. చేతిని తడిగుడ్డకి తుడుచుకుంది. ఉప్పు చూడకుండానే గిన్నెల్లోకి వడ్డించి పంపింది.

పిల్లలు సగం సగం వదిలేశారు. బాత్మా ఆ గిన్నెల్ని తొట్లో వేస్తూ గొణిగింది. "ఉప్పు కషాయం చేశావేంటక్కా! నీ చేత్తో ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఇలా జరిగిందా?"

"రుచి చూస్తే తిన్నట్టేగా," అంది బురుల్, కిటికీ వినేలా.

"నేనేమన్నా అన్నానా?" అంది ఆయ్‌పెరి. "చూడొద్దన్నానా? ఒక బొట్టు చూసుకో, ఎవరొద్దన్నారు. గిన్నెడు చూడకు."

బురుల్ గరిటె కడిగి పక్కన పెట్టింది. ఆకలి మీద ఉన్నవాళ్ళకి ఓపిక ఎక్కువో, తక్కువో గానీ ఆమె ఇంటి దగ్గర కూడా తినడం దాదాపు మానేసింది. చక్కెర లేని టీ, రొట్టె అంచు ఒకటి. తందూరు రొట్టెలు బల్ల మీద దొంతిగా పేరుస్తుంటే వాసనకి కడుపులో పేగులు లేచి వచ్చేవి. వాటిని వరసగా, ముఖం పైకి ఉండేలా సర్ది, గుడ్డ కప్పి, అవతలికి వెళ్ళిపోయేది.

గురువారం మాంసం వచ్చింది. వ్యాను డ్రైవరు దాన్ని బల్ల మీద పడేసి బయటికెళ్ళి సిగరెట్టు ముట్టించాడు. ఆయ్‌పెరి అల్లిక పక్కన పెట్టి లేచి వచ్చింది. మెడ ముక్కలు, డొక్క పొర, ఎముకలు. జబ్బ లేదు, తొడ లేదు.

"ఇంతేనా వచ్చేది? ఇంతమంది పిల్లలకీ?"

బాత్మా చెక్కు తీస్తున్న కత్తి ఆపింది. వ్యాను ఇక్కడికి వచ్చే ముందు ఏ వీధిలో, ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో ఆ వంటగదిలో గోడలకి కూడా తెలుసు. బురుల్‌కీ తెలుసు. ఎన్నో ఏళ్ళుగా తెలుసు. తెలిసీ, ఉన్న ఎముకల్నే పొద్దున నాలుగింటికి వచ్చి పొయ్యెక్కించి, సారమంతా దిగేదాకా మరిగించి, ఏదో ఒకలా పిల్లల గిన్నెల్లో రంగూ వాసనా ఉండేలా చూస్తూ వచ్చింది. నోరు తెరవలేదు. పింఛనుకి ఇంకా కొన్నేళ్ళున్నాయి, ఒమోర్ మోకాలు ఉంది, ఆ ఊళ్ళో ఇంకో వంటగది లేదు. ఇప్పుడు నోరు తెరుద్దామనుకుంది. డైరెక్టరమ్మ గదిలోంచి ఫోన్లో నవ్వుతున్న గొంతు నడవాలోంచి వినబడుతోంది.

"ఇంతే వస్తుంది," అంది.

ఆయ్‌పెరి ఆ ముక్కల్ని వేలితో అటూ ఇటూ తిప్పి చూసింది. బురుల్ వంక చూసింది. ఆ చూపులో మొదటిసారి ఏదో మెత్తదనం కనిపించినట్టయి, బురుల్ గుండె ఒక్క క్షణం తేలికైంది. ఈ మనిషికి కళ్ళున్నాయి, చూస్తోంది, తెలుసుకుంటుంది అనుకుంది.

"ఇంత కొంచెంలోంచి కూడా తీశావన్నమాట," అంది ఆయ్‌పెరి. వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

ఆ రాత్రినుంచి బురుల్‌కి తలనొప్పి మొదలైంది. మెడ వెనక ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు ఉండేది. చెవుల్లో హోరు. బాత్మా రెండుసార్లు పిలిస్తే గానీ పలికేది కాదు. అయినా సంతోషంగానే ఉంది. చెబితే నవ్వుతారు గానీ నిజంగానే సంతోషం. ముఖంలో ఉబ్బు దిగింది. చీలమండ ఎముక మళ్ళీ కనిపించింది. శనివారం స్కర్టు నడుం దగ్గర వేలు దూరింది, ఆదివారానికి రెండు వేళ్ళు దూరాయి. అద్దం ముందు నిలబడి, చలికాలం ముందటి మనిషి తిరిగొస్తున్నట్టు చూసుకుంది. ఒమోర్ అనుమానంగా, "ఏమే, ముఖం పాలిపోయింది. మాత్ర పడుతోందా?" అన్నాడు. "భేషుగ్గా పడుతోంది," అంది. మాయ్‌రమ్‌కి చెప్పలేదు, చెబితే బలవంతాన మింగిస్తుందని. బాత్మాకి చెప్పలేదు, చెబితే బజారంతా చెబుతుందని. అలా తను మాత్ర మానేసిన సంగతి ఆ పొయ్యిలో నిప్పుకి తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియలేదు. తెలియాల్సినవాళ్ళకి సోమవారం చెబుదామనుకుంది.

*

సోమవారం పాటల గది పోయినసారికంటే నిండింది. అంతకుముందు రానివాళ్ళు కూడా తూకం చూడ్డానికి వచ్చారు. ఊళ్ళో ఆ వారం ఇంకే వినోదమూ లేదు. బురుల్ ఈసారి ఎవరూ పిలవకముందే వచ్చింది. చిల్లు లేని మేజోళ్ళు వేసుకుంది, ఉతికిన ఆప్రాను కట్టుకుంది. త్రాసు తనే ముందుకి జరుపుకుని, తనే ఎక్కి, తనే "గట్టిగా చెప్పు మాయ్‌రమ్," అంది.

మాయ్‌రమ్ వంగింది. లేచి బురుల్ ముఖం చూసింది, మళ్ళీ వంగింది. "డెబ్భై తొమ్మిది."

బురుల్ త్రాసు దిగలేదు. దాని మీదే నిలబడి గదంతా చూసింది. వారమంతా ఈ ఒక్క క్షణం కోసమే కడుపు మాడ్చుకుంది. "చూశారా!" అనబోయింది.

"చూశారా!" అంది ఆయ్‌పెరి.

చేతిలోని అల్లికతో సహా లేచి నిలబడింది. "నేను వంటగదిలో కూర్చున్నది ఎన్ని రోజులు? ఒక్క వారం! ఒక్క వారం కాపలా కాస్తే నాలుగు కిలోలు దిగింది. ఇన్నాళ్ళూ ఆ నాలుగు కిలోలు ఎవరివమ్మా? మన పిల్లలవి కావూ?"

గదిలో ఒక మూలుగు లాంటిది లేచింది. తలలూగాయి. అంత తేటతెల్లంగా ఉంది లెక్క, కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. పోయినసారి బురుల్ వైపు జాలిగా చూసిన ఒకరిద్దరు కూడా చూపు తిప్పుకున్నారు.

"కాదు, కాదు," అంది బురుల్. "మాత్రలు మానేశాను. బీపీ మాత్రలు. వారంనుంచి వేసుకోలేదు. అందుకే తగ్గింది. మాత్ర వల్లే వచ్చింది, మానేస్తే తగ్గింది, అదే మీకు చూపిద్దామని..."

"మానేసినట్టు ఎవరు చూశారు?"

"ఎవరూ చూళ్ళేదు. మా ఆయనకి కూడా..."

"పోయిన సోమవారం వేసుకుంటున్నా కాబట్టి లావంది. ఈ సోమవారం వేసుకోలేదు కాబట్టి సన్నమంది," అన్నాడు వెనకనుంచి ఆ తండ్రే. "మాత్ర కూడా భలే సాక్షి దొరికింది. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది."

బురుల్ ఇంకేదో చెప్పబోయింది. పెదవి మీద ఏదో వెచ్చగా తగిలింది. చేత్తో తుడుచుకుంటే ఎర్రగా వచ్చింది. ముక్కులోంచి నెత్తురు కారి ఉతికిన ఆప్రాను మీద బొట్లు బొట్లుగా పడింది. మాయ్‌రమ్ దూది కోసం పరుగెత్తింది. ముందు వరసలో ఒక ముసలావిడ కుర్చీలోంచి లేచి, తలగుడ్డ కొస నోటికడ్డం పెట్టుకుంది.

"రొట్టె కొట్టింది," అంది.

ఆ మాట ఒక్కటే. గదంతా దాన్ని నోటినుంచి నోటికి అందుకుంది. రొట్టె కొట్టింది. ఒట్టేసి వారం తిరగలేదు. చిక్కిపోయింది, నెత్తురు కక్కింది. రొట్టె ఊరుకుంటుందా? ఆయ్‌పెరి ముఖం కూడా తెల్లబోయింది. తగువైతే తనది గానీ, ఇంత శిక్ష తనూ కోరుకోలేదు. కొడుకుని వెనక్కి లాక్కుని వాడి కళ్ళు చేత్తో మూసింది.

గుల్‌బార్చిన్ ముందుకొచ్చింది. బురుల్ మోచెయ్యి పట్టుకుని మెల్లగా త్రాసు మీంచి దింపింది. "చాలమ్మా, చాలు. దేవుడే తీర్పిచ్చాక మనమెవరం? బురుల్ అక్కని పనిలోంచి తియ్యను. ఎవరం తప్పు చెయ్యం? ఇకనుంచి కాపలా ఇలాగే ఉంటుంది, మనందరం చూసుకుంటాం. పెద్దమనిషి. క్షమించేశాం, ఏమంటారు?"

అందరూ క్షమించేశారు. ఒకామె వచ్చి బురుల్ భుజం కూడా తట్టింది. దొంగతనం చేసిందని అన్నప్పుడు రాని ఏడుపు, క్షమించామన్నప్పుడు గొంతు దాకా వచ్చింది. బురుల్ దాన్ని మింగేసింది. నడవా దాటి వంటగదిలోకి వెళ్ళి, బల్ల మీది గుడ్డ తీసి, పై రొట్టె తీసుకుని తిరిగొచ్చింది. ముక్కులో దూది, చేతిలో రొట్టె. నేరుగా గుల్‌బార్చిన్ ముందు నిలబడింది.

"మీరూ పట్టుకోండి," అంది.

"అక్కా, మీకు ఒంట్లో బాగోలేదు."

"నాకు బాగోలేదు. మీకు బాగానే ఉందిగా. పట్టుకోండి. గురువారం వ్యాను ఇక్కడికి రాకముందు మీ గుమ్మం ముందు ఆగదని, జబ్బలూ తొడలూ మీ ఇంట్లో దిగవని ఒక్క మాట అనండి."

 ఆయ్‌పెరి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. గురువారం బల్ల మీద చూసిన ఎముకలు ఆమెకి గుర్తొచ్చే ఉంటాయి.  బురుల్‌కి భయం లేదు. ఏ మనిషైనా ఇక్కడ ఆగక తప్పదు. గుల్‌బార్చిన్ దాన్ని ముట్టుకోదు, ముట్టుకోవడం ఆవిడ తరం కాదు అనుకుంది.

గుల్‌బార్చిన్ రొట్టె అందుకుంది. చక్కగా, రెండు చేతులా, గోళ్ళరంగు చెదరకుండా. నుదుటికి తాకించుకుంది.

"ఈ పిల్లల సొమ్ము ఒక్క ముక్క మా గడప తొక్కుంటే నన్ను రొట్టె కొట్టాలి," అంది. గొంతు తడబడలేదు. రెప్ప కూడా కొట్టుకోలేదు. ఒక చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని, నమిలి, మింగి, బురుల్‌ని చూసి నవ్వింది. "తృప్తేనా అక్కా?"

ఏమీ జరగలేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆవరణలో పిల్లలు ఉయ్యాల కోసం కొట్టుకుంటున్నారు. తల్లులు నిట్టూర్చి, సంచులు భుజాన వేసుకుని లేచారు. "కృతజ్ఞత లేని మనిషి," అని ఎవరో అన్నారు. మిగిలిన రొట్టెని గుల్‌బార్చిన్ పియానో మీద పెట్టి చేతులు దులుపుకుంది. బోర్లా పెట్టింది. ఆ సంగతి గమనించింది బురుల్ ఒక్కతే.

*

పాలిక్లినిక్కి మాయ్‌రమ్ తీసుకెళ్ళింది. దారిపొడుగునా ఏదో చెబుతూనే ఉంది. తనకీ ఇద్దరు పిల్లలున్నారని, డైరెక్టరమ్మ ఎదుట తను మాత్రం ఏమనగలదని. బురుల్ వినలేదు. చెవుల్లో హోరు వల్ల నిజంగానే వినబడలేదు, అదొక అదృష్టం.

డాక్టరు కుర్రాడు. రాజధానిలో చదివి కొత్తగా వచ్చాడు, గడ్డం ఇంకా సరిగ్గా రాలేదు. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి, మళ్ళీ కొట్టి చూశాడు. కుర్రవాడి ముఖంలో రంగు మారింది.

"ఎన్నాళ్ళైంది మానేసి? అమ్మా, మీకు మతుందా? ఇలాంటి మాత్ర చెప్పాపెట్టకుండా మానేస్తే నరం చిట్లుతుంది. ముక్కులో చిట్లింది కాబట్టి ఇలా కూర్చుని మాట్లాడుతున్నారు, తలలో చిట్లుంటే?"

నాలుక కింద ఏదో పెట్టి, మంచం మీద పడుకోబెట్టాడు. చాలాసేపటికి హోరు కాస్త తగ్గింది. అప్పుడు అడిగాడు, ఎందుకు మానేశారని. ఒళ్ళొచ్చిందని చెప్పింది. అంతకుమించి చెప్పలేదు.

"దానికోసమా!" అన్నాడు అతను, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఒళ్ళొస్తోంది, నీరొస్తోందని ఒక్క మాట చెబితే మందు మార్చేవాణ్ణిగా. బీపీకి అదొక్కటే మందు ఉందనుకున్నారా? ఇంకోటి రాస్తాను. దీంతో మీకు ఒళ్ళు రాకపోవచ్చు. ఇప్పుడున్నట్టే సన్నగా, హాయిగా ఉండొచ్చు."

ఒక్క మాట. ఆ ఒక్క మాట ఈయనతో అని ఉంటే త్రాసు లేదు, కాపలా లేదు, రొట్టె లేదు. మాయ్‌రమ్ గుమ్మం దగ్గర తల దించుకుని నిలబడి ఉంది. బురుల్ పైకప్పు వంక చూస్తూ పడుకుంది. కొత్త మాత్ర. ఇక లావవదు. వంటగదిలో ఆయ్‌పెరి ఉన్నా లేకపోయినా, ఏళ్ళ తరబడి ఇలాగే సన్నగా ఉంటుంది. తూచినప్పుడల్లా ముల్లు ఇక్కడే ఆగుతుంది. ఆగినప్పుడల్లా అందరూ అంటారు, చూశారా, భయం పెట్టాక బాగుపడిందని. చచ్చేదాకా ఆ సన్నటి ఒళ్ళే ఆమె దొంగతనానికి సాక్ష్యం చెబుతూ తిరుగుతుంది.

డాక్టరు రాస్తున్నాడు. ఆమె మోచేతుల మీద లేచి కూర్చుంది.

"బాబూ, పాతదే రాయి."

"ఏంటి?"

"పాత మాత్ర. లావయ్యేది."

కుర్రవాడు కలం ఆపి, మాయ్‌రమ్ వైపు చూశాడు, రోగికి మతి సరిగ్గా ఉందా అన్నట్టు. "అది వేసుకుంటే మళ్ళీ ఉబ్బుతారమ్మా. కాళ్ళకి నీరొస్తుంది. ఇప్పుడేగా చెప్పాను."

"విన్నాను. రోజూ వేసుకుంటాను, ఒక్క పూట కూడా తప్పను," అంది బురుల్. "ఆ ఆయ్‌పెరి రోజూ వంటగదిలోనే కూర్చుంటుంది. నా నోట్లోకి ఏం పోతోందో చూస్తూనే ఉంటుంది. ఆవిడ చూస్తుండగా, ఆవిడ కళ్ళ ముందే ఉబ్బాలి నేను."